విశాఖకి సొంత ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్, సొంత వైర్‌లెస్ కావాలా? ఉమ్మడి వ్యవస్థలో ఏది ఉంచుకోవాలి, ఏది తెచ్చుకోవాలి

అడిగిన ప్రశ్న ఇది: "112కి ఫోన్ చేస్తే ఎక్కడో రాష్ట్ర కేంద్రంలో ఎత్తుతారు, వాళ్లకి ఊర్వశి జంక్షన్ ఎక్కడుందో తెలీదు. అమెరికాలో కొన్ని నగరాలు ఉమ్మడి ఎమర్జెన్సీ వ్యవస్థ నుంచి బయటికొచ్చి సొంతంగా పెట్టుకోవాలని చూస్తున్నాయట. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఒక తీర్మానం చేసి మనం కూడా అలా చేయొచ్చుగా? డబ్బు తప్ప అడ్డేముంది?"

డబ్బు కంటే ముందు ఇంకో అడ్డుంది. అమెరికాలో చాలా నగరాల్లో పోలీసులూ ఫైర్ సిబ్బందీ మున్సిపాలిటీ ఉద్యోగులే. వాళ్ల జీతాలు, బండ్లు, వైర్‌లెస్ సెట్లు అన్నీ నగర బడ్జెట్‌లోవే. అందుకే అక్కడ కౌన్సిల్ ఓటేసి, ఒప్పందంలో రాసుకున్న గడువు ప్రకారం నోటీసిచ్చి, పక్క ఊళ్లతో కలిసి పెట్టుకున్న సెంటర్ నుంచి తప్పుకోగలదు. మన దగ్గర పోలీస్ కమిషనరేట్ రాష్ట్ర హోం శాఖది. ఫైర్ స్టేషన్లు రాష్ట్ర అగ్నిమాపక శాఖవి. 108 నడిచేది రాష్ట్రం ఇచ్చిన కాంట్రాక్టు మీద. ఎమర్జెన్సీలో జీవీఎంసీ తనంతట తాను కదిలించగలిగేవి జేసీబీలు, చెట్లు కోసే బృందాలు, నీళ్ల ట్యాంకర్లు, పారిశుద్ధ్య సిబ్బంది. తన చేతిలో లేనిదాని నుంచి తీర్మానం చేసి బయటికి రావడం కుదరదు. ఇక 112 దేశమంతటికీ ఒకటే నంబరు. ఏ టవర్ నుంచి వచ్చిన కాల్ ఎక్కడ మోగాలో టెలికాం కంపెనీల స్విచ్చుల్లో, టెలికాం శాఖ ఆదేశాల ప్రకారం పెట్టి ఉంటుంది.

అయినా ప్రశ్నని అక్కడితో కొట్టిపారేయలేం. రేపు రాష్ట్రమే "మీకు విడిగా ఇచ్చేస్తాం, తీసుకోండి" అంటే తీసుకోవాలా వద్దా? దీనికి ఒకే జవాబు లేదు, ఎందుకంటే "వ్యవస్థ" అని మనం ఒక్క మాటలో అనేస్తున్నది మూడు వేర్వేరు పనులు. ఫోన్ ఎత్తడం ఒకటి. ఏ బండిని పంపాలో తేల్చి పంపడం రెండోది. ఆ బండితో మాట్లాడే రేడియో నెట్‌వర్క్ మూడోది. నా లెక్కలో మొదటిది ఉమ్మడిగానే ఉండాలి. రెండోది నగరానికి తెచ్చుకోవాలి. మూడోది ఉమ్మడిగానే ఉంచాలి కానీ, బయటి లింకులన్నీ తెగినా నగరం లోపల నడిచేలా కట్టించుకోవాలి. మూడూ ఒకేసారి పీక్కుని బయటికి రావడం అన్నిటికంటే చెడ్డ దారి.

ఫోన్ ఎత్తే పని సంగతి లెక్కతో చూద్దాం. బిజీ గంటలో 30 కాల్స్, ఒక్కో కాల్ సగటున 3 నిమిషాలు అనుకోండి. నూటికి 90 కాల్స్ 15 సెకన్లలో ఎత్తాలన్నది అమెరికాలో పాటించే ప్రమాణం. క్యూ లెక్కల్లో వాడే ఎర్లాంగ్-సి సూత్రంలో ఇవి పెడితే, ముగ్గురు కూర్చుంటే 79 శాతం దగ్గర ఆగిపోతుంది, నలుగురైతే 94 దాకా వెళ్తుంది. అంటే 4 సీట్లు. ఇప్పుడు కాల్స్ పది రెట్లు చేయండి, గంటకి 300. సీట్లు 40 అక్కర్లేదు, 21తో అదే 94 శాతం వస్తుంది. చిన్న సెంటర్లో మనిషి గంటలో సగానికి పైగా ఖాళీగా కూర్చుంటాడు, అయినా ఒకేసారి అయిదు కాల్స్ వస్తే అయిదోది మోగుతూనే ఉంటుంది. పెద్ద సెంటర్‌కి ఆ బాధ తక్కువ. ఒక్కో సీటు 24 గంటలూ నడవాలంటే ఏడాదికి 8,760 గంటలు. వారాంతపు సెలవులు, పండగలు, లీవులు, ట్రైనింగ్ పోను ఒక మనిషి 260 రోజులు వస్తాడు, విరామం తీసేస్తే రోజుకి 7 గంటలు, మొత్తం 1,820. భాగిస్తే 4.8. సీటుకి అయిదుగురు. సూపర్‌వైజర్లు, టెక్నీషియన్లు ఈ లెక్కలో లేరు. ముగ్గురితో మూడు షిఫ్టులు అని ప్రతిపాదన రాసిన ఏ ఫైలైనా మొదటి సంక్రాంతికే కూలిపోతుంది.

మరి ఊర్వశి జంక్షన్ తెలియని ఆపరేటర్ మాటేమిటి? ఫిర్యాదు నిజమే, కానీ దాని మందు సెంటర్ని విశాఖకి మార్చడం కాదు. విశాఖలో కూర్చోబెట్టినా ఆ కుర్రాడు శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి ఉండొచ్చు. స్క్రీన్ మీది మ్యాపులో ల్యాండ్‌మార్క్ లేయర్, అంటే జనం చెప్పే గుర్తుల పొర, సరిగ్గా ఉండాలి. మన జనం డోర్ నంబరు చెప్పరు. "ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటాక", "సత్యం జంక్షన్ దగ్గర పాత సినిమా హాలు సందు", "పెద జాలారిపేట గంగమ్మ గుడి వెనక" అంటారు. పడగొట్టేసిన హాలు పేరు, మారిపోయిన జంక్షన్ పేరు కూడా ఆ లేయర్లో ఉండాలి, ఎందుకంటే కంగారులో నోటికి వచ్చేది పాత పేరే. ఒక్కో చోటుకి మూడు నాలుగు పిలుపు పేర్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో పడే రకరకాల స్పెల్లింగులు, కొండవాలు కాలనీలకైతే మెట్లు ఎక్కడ మొదలవుతాయి, బండి ఎంతవరకు వెళ్తుంది, ఇవన్నీ ఎక్కించాలి. ఈ పని చేయగలిగింది వార్డు సచివాలయాల వాళ్లు, బీట్ కానిస్టేబుళ్లు. నగరం తయారు చేసి మూడు నెలలకోసారి రాష్ట్ర కేంద్రానికి ఇవ్వాలి, అక్కడ ఎన్ని రోజుల్లో ఎక్కించాలో ఒప్పందంలో ఉండాలి. టవర్ లొకేషన్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. సెల్ సెక్టార్ ఆధారంగా వచ్చే చోటు వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా తప్పొచ్చు. సముద్రం మీద సిగ్నల్‌కి అడ్డేమీ ఉండదు కాబట్టి బీచ్ రోడ్డులో ఉన్న ఫోన్ నీళ్లకి అవతలి టవర్ని పట్టుకునే అవకాశం ఉంది.

పంపే పని వేరు. దానికి ఊరు తెలియాలి, ఈ రోజు ఊళ్లో ఏం జరుగుతోందో తెలియాలి. ఆర్కే బీచ్‌లో సభ ఉందా, కాన్వెంట్ జంక్షన్ దగ్గర రోడ్డు తవ్వారా, ఫైర్ ఇంజన్లలో ఏది రిపేరులో ఉంది. 112 రూపకల్పనలోనే రాష్ట్రానికో కేంద్రం, దాని కింద జిల్లాకో సమన్వయ కేంద్రం, బండ్లలో డేటా టెర్మినళ్లు అని ఉంది. ఆ జిల్లా కేంద్రాన్ని పేరుకి రెండు కుర్చీల గదిగా వదిలేయకుండా పోలీసు, ఫైర్, 108, జీవీఎంసీ ప్రతినిధులు ఒకే ఫ్లోర్ మీద కూర్చుని బండ్లు పంపే డిస్పాచ్ హాలుగా చేయించుకుంటే ఫిర్యాదులు చాలా వరకు తగ్గుతాయి. కాల్ రాష్ట్ర కేంద్రంలో ఎత్తుతారు, ఎత్తినవాడు టైప్ చేస్తుండగానే విశాఖ స్క్రీన్ మీద కనపడాలి. కాల్ పెట్టేశాక ఫారం పూర్తి చేసి "సబ్మిట్" నొక్కితేనే విశాఖకి చేరేలా సాఫ్ట్‌వేర్ ఉంటే మాత్రం అంతా వృథా. టెండర్లో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో ముందు చూడండి.

ఇక రేడియో. అసలు గొడవంతా ఇక్కడే, డబ్బు పోయేదీ ఇక్కడే.

ఉదాహరణకి టెట్రా తీసుకుందాం, పోలీసు, ఫైర్ లాంటి శాఖల కోసం చేసిన డిజిటల్ వైర్‌లెస్ ప్రమాణం అది. 25 కిలోహెర్ట్జ్ క్యారియర్ (రేడియో ఛానల్) ఒక్కోదానిలో 4 స్లాట్లు, ఒక్కో స్లాట్‌లో ఒక సంభాషణ. ఒక కొండ మీద రెండు క్యారియర్లు పెడితే 8 స్లాట్లు, అందులో ఒకటి కంట్రోల్‌కి పోగా 7 మాటలకి. నూటికి రెండు సార్లకి మించి "బిజీ" రాకూడదనుకుంటే 7 స్లాట్లు 2.94 ఎర్లాంగుల మాటల్ని మోస్తాయి. ఒక ఛానల్ గంటంతా ఆగకుండా మాట్లాడితే ఒక ఎర్లాంగ్. ఇప్పుడు నగరం విడిపోయి చెరో క్యారియర్ పంచుకుందనుకోండి. ఎవరి కంట్రోల్ స్లాట్ వాళ్లకి పోయి చెరి 3 మిగిలాయి. 3 స్లాట్లు మోసేది 0.6. ఇద్దరిదీ కలిపినా 1.2. అదే కొండ, అదే ఫ్రీక్వెన్సీలు, అవే 8 స్లాట్లు, సామర్థ్యం సగానికి కిందికి పడిపోయింది. టెట్రా బిజీ కొట్టకుండా క్యూలో నిలబెడుతుంది కాబట్టి ఫీల్డులో ఇది "బిజీ టోన్" లా కాకుండా "బటన్ నొక్కి రెండు సెకన్లు ఆగాలి" లా కనపడుతుంది. మంటల్లో ఉన్నవాడు ఆగడు. నొక్కగానే మాట్లాడేస్తాడు, మొదటి రెండు పదాలు ఎవరికీ వినపడవు. ఆ రెండు పదాల్లోనే ఏ అంతస్తో ఉంటుంది.

విడిపోయాక "అవసరమైతే రెండు నెట్‌వర్కులనీ గేట్‌వేతో కలుపుకుంటాం" అంటారు. కలుపుకోవచ్చు. కానీ గేట్‌వే దాటిన ప్రతి మాటకీ ఆలస్యం కలుస్తుంది, మొదటి అక్షరాలు తెగుతాయి, మాట్లాడేవాడి ఐడీ అవతల కనపడదు, ఎమర్జెన్సీ బటన్ నొక్కితే అవతలికి వెళ్తుందన్న హామీ లేదు. తెలియక ఇద్దరు డిస్పాచర్లు అవే రెండు మాటల గ్రూపుల్ని రెండుసార్లు కలిపేస్తే (ప్యాచ్ చేస్తే) మాట గుండ్రంగా తిరిగి ఊళ వేస్తుంది, రెండు గ్రూపులూ పోతాయి.

విశాఖకి ఈ కలిసి పనిచేయడం ఎందుకంత ముఖ్యమో హద్దులు చూస్తే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయ్యాక జీవీఎంసీ హద్దు అనకాపల్లి జిల్లాలోకి పోతోంది. నగర హద్దు, జిల్లా హద్దు ఒకటి కావు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి, కాలిన గాయాలవాళ్లని తెచ్చేది విశాఖకి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది పోయిన ప్రమాదంలో క్షతగాత్రుల్ని అనకాపల్లికీ విశాఖ ఆసుపత్రులకీ పంచారు. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. అక్కడ జనాన్ని ఖాళీ చేయించడానికి పోలీసులు, ఫైర్, ఎన్డీఆర్ఎఫ్ ఒక్కచోట పనిచేయాల్సి వచ్చింది. దీనికి తోడు పోర్టులోనూ స్టీల్‌ప్లాంట్‌లోనూ సీఐఎస్ఎఫ్, నేవీ ఎవరి రేడియోలు వాళ్లవి. అసలే ఇన్ని హద్దులున్న ఊరికి ఇంకో హద్దు తెచ్చిపెట్టడం తెలివైన పని కాదు.

కానీ ఉమ్మడి నెట్‌వర్కు వైపు నుంచి వచ్చే ప్రమాదం కూడా చిన్నది కాదు, విడిపోవాలనేవాళ్ల వాదనలో నిజమైన బలం ఇదొక్కటే. టవర్లన్నిటినీ కలిపే కేంద్ర స్విచ్ వేరే ఊళ్లో ఉండి, అక్కడికి వెళ్లే ఫైబర్ తెగితే ఏమవుతుంది? టవర్ దగ్గరి బేస్ స్టేషన్ ఆగిపోదు, లోకల్ మోడ్‌లోకి పోతుంది. ఆ టవర్ కింద ఉన్న సెట్లు తమలో తాము మాట్లాడుకుంటాయి, పక్క టవర్ వాళ్లకి వినపడదు. గాజువాకలో ఉన్న ఎస్సై సెట్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, పిలిస్తే కంట్రోల్ పలకదు. తన సెట్ పాడైందనుకుని బ్యాటరీ తీసి పెడతాడు. కంట్రోల్ రూమ్ కన్సోల్ కూడా స్విచ్‌కే వేలాడుతోంది కాబట్టి అదీ గుడ్డిదే. దీనికి చేయాల్సినవి ఇవీ: లోకల్ మోడ్‌లో పడిన టవర్ని వదిలి, సిగ్నల్ కాస్త తక్కువైనా స్విచ్‌తో కలిసున్న టవర్నే సెట్ వెతుక్కునేలా ప్రోగ్రామ్ చేయించాలి. కంట్రోల్ రూమ్ పైకప్పు మీద యాంటెన్నాతో నేరుగా గాలిలో మాట్లాడే రెండు మూడు బండి సెట్లు బల్ల మీద బిగించాలి, స్విచ్ పోయినా అవి పనిచేస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉమ్మడి వ్యవస్థ రెండో స్విచ్‌ని విశాఖలో పెట్టాలని పట్టుబట్టాలి. బయటికి వెళ్తామన్న బెదిరింపు వాడుకోవాల్సింది ఈ బేరంలోనే.

ఫైబర్ రెండు దారుల్లో రావాలంటాం. రెండు కంపెనీల దగ్గర తీసుకుంటారు, బిల్లులు రెండొస్తాయి, హైవే పక్కన గుంత మాత్రం ఒకటే. జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ పోతాయి. దారి మ్యాపులు ఇద్దరి దగ్గరా తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడకుండా సంతకం చేయకూడదు. మూడో దారిగా మైక్రోవేవ్ ఉంచాలి, కానీ 15 గిగాహెర్ట్జ్‌లో 60 సెంటీమీటర్ల డిష్ కిరణం వెడల్పు సుమారు 2.3 డిగ్రీలు, 1.2 మీటర్ల డిష్‌ది 1.2 డిగ్రీలే. తుపాను గాలికి డిష్ ఒక డిగ్రీ తిరిగితే పెద్ద డిష్ సిగ్నల్ బాగా పడిపోతుంది. పెద్దది పెడితే సిగ్నల్ బాగుంటుందని ఎగబడకుండా, ఏ డిష్‌కైనా పక్క ఊతకడ్డీ బిగించాలి. చాలా చోట్ల అది డబ్బాలోనే ఉండిపోతుంది.

హుద్‌హుద్ గుర్తున్నవాళ్లకి కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న గంటకి 180 కిలోమీటర్ల దాకా గాలులతో ఊరి మీద పడింది, కరెంటుతో పాటు సెల్‌ఫోన్లూ పోయాయి. కాబట్టి టవర్ సైట్ లెక్క ఇలా వేయాలి. సైట్ లోడు 1.5 కిలోవాట్లయితే 48 వోల్టుల మీద 31 ఆంపియర్లు. 12 గంటలకి 375 ఆంపియర్-అవర్లు. బ్యాటరీలో 80 శాతం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి 470. ముసలిదయ్యాక కూడా నిలవాలంటే ఇంకో పాతిక శాతం కలిపి 600. ఏసీ ఆగిపోయిన షెల్టర్‌లో ప్రతి 10 డిగ్రీల వేడికీ లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది, కనుక ఫ్యాన్ డీసీ మీద నడిచేది పెట్టండి. ఆపైన 5 కేవీఏ జెనరేటర్, గంటకి లీటరున్నర చొప్పున 72 గంటలకి 108 లీటర్లు, ట్యాంకు 150. మూడు రోజులు ఎందుకంటే చెట్లు పడిన ఘాట్ రోడ్డులో డీజిల్ డబ్బా పైకి చేరడానికి అంత పట్టొచ్చు, కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా నడవదు.

టవర్ డిజైన్‌లో ఒక అంకె తప్పకుండా అడగాలి. కట్టడాల మీద గాలి భారం లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు. 2015 సవరణ తర్వాత తుపాను ప్రాంతంలో విపత్తు తర్వాత కూడా పనిచేయాల్సిన కట్టడాలకి ఆ వేగాన్ని 1.30తో గుణించాలి. 65 అవుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు కాస్తా 2,535 అవుతాయి. అద్దె టవర్ మీద యాంటెన్నా పెడుతుంటే ఆ టవర్ ఏ లెక్కతో కట్టారో కాగితం చూడాలి, మామూలు సెల్ టవర్‌కి ఈ గుణకం వేసి ఉంటారని అనుకోవద్దు. ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా, కనెక్టర్లకి చుట్టే సీలింగ్ టేపు ఏటా వానలకి ముందు విప్పి చూడకపోతే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

కవరేజీ కూడా ఊరి నేలని బట్టే ఉంటుంది. ఇటు కైలాసగిరి వరస, అటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి ఊరు. బీచ్ వైపు కొండ మీద ఒక్క సైట్ పెట్టి ఊరంతా వస్తుందని గీసిన రంగు మ్యాపు సింహాచలం కొండ వెనక పనిచేయదు. నెట్‌వర్కుని కంపెనీ నుంచి తీసుకునే ముందు చేసే ఒప్పుకోలు పరీక్ష బండి పైకప్పు యాంటెన్నాతో చేయనివ్వకండి. నడుముకి తగిలించిన చేతి సెట్‌తో, కేజీహెచ్ లోపల, పూర్ణామార్కెట్ సందుల్లో, సెల్లార్లలో చేయించండి. బండికీ నడుము మీది సెట్‌కీ, గోడలకీ కలిపి 20 డెసిబెళ్ల తేడా తేలిగ్గా వస్తుంది, అంటే వందో వంతు.

ఉమ్మడిలో ఉండాలంటే వాటా ఎలా వేస్తారో చూసుకోవాలి. సెట్టుకింత అని లెక్కేస్తే శాఖలు సెట్లు తగ్గించేస్తాయి, ముగ్గురికి ఒక సెట్ మిగులుతుంది. కాల్‌కింత అంటే జేబులో నొక్కుకుపోయిన ఫోన్లకి కూడా నగరం కడుతుంది. సగం స్థిరంగా, సగం బిజీ గంట వాడకాన్ని బట్టి వేయడం ఉన్నవాటిలో నయం. వెళ్లిపోయే నిబంధన కూడా చేరేటప్పుడే రాయించుకోవాలి: 24 నెలల నోటీసు, నగరం డబ్బుతో కొన్న పరికరాలు నగరానివే, కాల్ రికార్డులూ ల్యాండ్‌మార్క్ డేటా చదవగలిగే ఫార్మాట్‌లో తిరిగి ఇవ్వాలి. ఫ్రీక్వెన్సీ లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో మరీ ముఖ్యం. అది ఉమ్మడి సంస్థ పేరున ఉంటే బయటికొచ్చిన రోజున నగరానికి సెట్లుంటాయి, మాట్లాడటానికి గాలి ఉండదు.

ఇంత చెప్పినా వెళ్లాల్సిందే అని పైనుంచి నిర్ణయమైతే, మొదటి దరఖాస్తు ఫ్రీక్వెన్సీలకే పెట్టాలి, టెండర్‌కి కాదు. టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీలు కేటాయించే విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఫ్రీక్వెన్సీలు, ప్రతి టవర్‌కీ సాక్ఫా (టవర్ల చోటు, ఎత్తు చూసే కమిటీ) అనుమతి కావాలి. నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ ఊళ్లోనే ఉంది, తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది, కాబట్టి ఎత్తు మీదా ఫ్రీక్వెన్సీ మీదా ప్రశ్నలు వస్తాయి. మాటలు బయటివాళ్లకి అర్థం కాకుండా చేసే ఎన్‌క్రిప్షన్‌లో, టెట్రాలో ఉండే టీఈఏ1 అనే రకాన్ని ఒప్పుకోవద్దు. 80 బిట్ల తాళం లోపల 32 బిట్లకి కుంచించుకుపోతుందని 2023లో బయటపడింది. కంట్రోల్ రూమ్, సెట్లు, రికార్డర్ అన్నీ ఒకే జీపీఎస్ గడియారం మీద ఉండాలి, లేకపోతే రెండు సెంటర్ల రికార్డుల్లో నిమిషం తేడా వచ్చి కోర్టులో ఏది ముందో తేలదు.

మార్పిడి జనవరి నుంచి మార్చి లోపు పెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, మే నెల కూడా నమ్మకం లేదు. మంగళవారం తెల్లవారుజామున మొదలుపెడితే తప్పులు సరిచేయడానికి కంపెనీ ఇంజనీర్లు నాలుగు పనిదినాలు ఊళ్లోనే ఉంటారు. ముందు జీవీఎంసీ బండ్లు, రెండు వారాలు నిలిచాక ఫైర్, చివర్లో పోలీసు, అదీ స్టేషన్ల వారీగా. ఈ మధ్య కాలంలో బండిలో రెండు సెట్లుంటాయి, యాంటెన్నాలు కనీసం మీటరు దూరంలో పెట్టకపోతే ఒకటి మాట్లాడుతుంటే రెండోది చెవిటిదవుతుంది. 90 రోజులు పాత సెట్లు చార్జింగ్ మీదే ఉంచాలి, పాత స్విచ్‌లో వాటి ఐడీలు తీసేయకూడదు. పోయిన సెట్ల ఐడీలు మాత్రం మొదటి రోజే రెండు నెట్‌వర్కుల్లోనూ మూయించాలి.